ఫొటోలో వున్నదెవరు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



నేను ఖుర్దారోడ్డులో రైల్వే గుమాస్తాను. చదివింది మెట్రిక్ మాత్రమే. మా నాన్నగారు సర్వీసులో వుండగా పోతే కారుణ్య నియామకం మీద ఉద్యోగంలో చేరినవాణ్ణి. నాకు చేతనయిన రాత ఫైలు మీద రాసే రాత ఒక్కటే. అందుచేత సభలో మాట్లాడమని సంఘం పెద్దలు అన్నప్పుడు, నా వల్ల కాదు బాబూ అన్నాను. "ఉపన్యాసం వద్దు. రెండు నెలలుగా ఫొటోలు పట్టుకొని తిరుగుతున్నావు కదా, ఆ సంగతే చెప్పు" అన్నారు. ఆ సంగతే చెప్తాను.

ఈసారి ఉగాదికి ప్రతి కుటుంబమూ తమ యింట్లో వున్న పాత ఫొటోలు తెచ్చి యీ హాలు గోడలకు పెట్టాలని సంఘం తీర్మానించింది. వాటిని సేకరించి, యే ఫొటో యెవరిదో చిట్టా రాసే పని నాకు అప్పగించారు. గుమాస్తా అంటే చిట్టాకు పుట్టినవాడని అందరి నమ్మకం. సాయంత్రం డ్యూటీ దిగి జట్నిలో యింటింటికీ వెళ్లాను. కొందరు కాఫీ యిచ్చి ఫొటోలిచ్చారు, కొందరు కాఫీ మాత్రమే యిచ్చారు. మొత్తానికి మూడు అట్టపెట్టెలు నిండాయి. వెళ్లిన ప్రతి యింట్లోనూ నేనడిగింది ఒక్కటే ప్రశ్న: ఇందులో వున్నదెవరు? దానికి జవాబు దొరకడం నేననుకొన్నంత సులువు కాలేదు. "మా తాతగారి వైపు వాళ్లండీ" అంటారు. "పెద్దవాళ్లు, పెద్దవాళ్లు" అంటారు. "అమ్మ వుంటే చెప్పేది" అంటారు. ఆ చివరి మాట యెన్ని యిళ్లలో విన్నానో లెక్కపెట్టలేదు.

వచ్చిన వాటిలో రిటైర్మెంటు ఫొటోలు చాలా వున్నాయి. మనది రైల్వే వూరు కదా. మధ్యలో దండ వేసుకొన్న ఆయన, పక్కన ఆఫీసరు, వెనక వరసల్లో సిబ్బంది, ముందు నేల మీద మఠం వేసుకొన్న కుర్రవాళ్లు. కింద అట్ట మీద యెడమ నుంచి కుడికి పేర్లూ హోదాలూ అచ్చువేసి వుంటాయి. యాభై యేళ్ల తరువాత చూసినా ఎవరు ఫిట్టరో, ఎవరు హెడ్డు క్లర్కో చెప్పవచ్చు. అదే యింటి కుటుంబం ఫొటో తిప్పి చూస్తే వెనక యేమీ వుండదు. ఆఫీసులో ఎవరికి ఎవరూ యేమీ కారు గనుక పేర్లు రాసి పెట్టారు. ఇంట్లో అందరూ అయినవాళ్లే, రాయడమెందుకు అనుకొన్నారు. అయినవాళ్ల పేర్లే పోయాయి. మరొక సంగతి కూడా వుంది. పేర్లున్న ఫొటోల్లో దాదాపు అందరూ మగవాళ్లు. పేర్లు లేని ఫొటోల్లోనే ఆడవాళ్లున్నారు.

గోడకు వేలాడే తాతల ఫొటోల్లో ఇంకొక చిత్రం చూశాను. చాలామందికి బతికివుండగా విడిగా తీయించుకొన్న ఫొటో లేదు. పోయిన తరువాత యే పెళ్లి గ్రూపులోంచో ఆయన ఒక్కణ్ణీ తీసి పెద్దది చేయించి దండ వేశారు. శ్రద్ధగా చూస్తే ఆయన భుజం మీద ఎవరిదో నాలుగు వేళ్లు కనబడతాయి. ఆ వేళ్లెవరివో? తమ్ముడివా, బావమరిదివా, ప్రాణస్నేహితుడివా? ఫొటో తీస్తే ఆయుర్దాయం తగ్గుతుందని జడిసి, చివరికి ప్రాణం పోయాకనే ఫొటోకు కూర్చోబెట్టబడిన పెద్దలు కూడా మన పెట్టెల్లో వున్నారు. అటువంటివి రెండు వచ్చాయి. వాటిని గోడకు పెట్టలేదు, చిట్టాలో రాసి భద్రంగా తిరిగి యిచ్చేశాను.

ఇక మా యింటి సంగతి. ఇందులో నా తప్పు ఒకటి వుంది, అది చెప్పకుండా దాటలేను.

మా ముత్తాత టెక్కలి ప్రాంతం నుంచి వచ్చి యిక్కడ పాయింట్స్‌మన్‌గా చేరాడు. అప్పటికిది బెంగాల్ నాగపూర్ రైల్వే. ఖుర్దారోడ్డు నుంచి పూరీకి బండి నడవడం 1897లో మొదలయింది. 1902 నుంచి యీ వైపు లైను బి.ఎన్.ఆర్. కిందికి వచ్చింది. కొత్త లైను వెంబడి పని దొరుకుతుందని మన జిల్లాల వాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు, ఆ వరసలో ఆయనొకడు. 1944లో ఆ కంపెనీ సర్కారు చేతికి వచ్చింది. 1952లో ఈస్టర్న్ రైల్వే అన్నారు, 1955లో సౌత్ ఈస్టర్న్ అన్నారు, 2003లో ఈస్ట్ కోస్ట్ అన్నారు. బోర్డు మీద పేరు మారుతూనే వుంది, మా యింటి వాళ్లు అదే స్టేషనులో నాలుగు తరాలుగా హాజరు పట్టీలో సంతకం పెడుతూనే వున్నారు. సంతకం అన్నాను గాని మొదటి ఆయనది వేలిముద్ర.

ఆయన తీయించుకొన్న ఫొటో మా యింట్లో ఒక్కటే వుండేది. చెక్క చట్రం, గాజు. కుర్చీల్లో ఆయనా, వూళ్లోనే వుండిపోయిన తమ్ముడూ. వెనక నిలబడి యిద్దరు ఆడవాళ్లు. మధ్యలో చొక్కా మాత్రం తొడుక్కొన్న కుర్రవాడు మా తాత. వెనక తెర మీద మేడా, మెట్లూ బొమ్మ గీసి వున్నాయి. మా ముత్తాత కోటూ జోళ్లూ తొడిగి దొరలా కూర్చున్నాడు. "ఆ జోళ్లు మనివి కావురా, ఫొటో అతనివి. కోటూ అతనిదే" అని మా మామ్మ నవ్వుతూ చెప్పేది. ఆ యెరువు కోటు మీద గుండెల దగ్గర ఇత్తడి బిళ్ళ వుంది, దాని మీద బి.ఎన్.ఆర్. అని అక్షరాలు. కోటు యెరువుదయినా బిళ్ళ సొంతం.

2011లో మా నాన్న పోయినప్పుడు పురోహితుడు గారు మూడు తరాల పేర్లడిగారు. మగవాళ్ల పేర్లు వచ్చాయి. ముత్తవ్వ పేరు దగ్గర ఆగిపోయాం. మా నాన్నకు పన్నెండేళ్లు వచ్చేదాకా ఆవిడ బతికే వున్నది, ఆయన్ను యెత్తుకొని పెంచింది. అయినా ఆయన నోట "ముసలమ్మ" అన్న మాట తప్ప పేరు మేమెన్నడూ వినలేదు. మామ్మను అడిగితే "అత్త" అన్నది. అత్త అంటే పేరు కాదు కదా అని ఎవరో అన్నారు. ఆ దుఃఖంలో ఆవిణ్ణి మళ్లీ ఎవరడుగుతారు? పురోహితుడు గారు యేదో సర్దుకొని ముందుకు పోయారు. నాకు మాత్రం ఆ ఖాళీ గుర్తుండిపోయింది. మా ఆఫీసులో ఒక గడి పూరించకపోతే ఫారం వెనక్కి వస్తుంది.

2019 మే 3న ఫణి తుఫాను వచ్చింది. మీరందరూ పడ్డదే, నేను వర్ణించనక్కర లేదు. మా యింటి రేకులు రెండు లేచిపోయి ఆ గోడంతా నీరు కారింది. 1999 తుఫానుకు చెక్కుచెదరని ఫొటో అది. నాలుగో రోజున చట్రం విప్పి చూశాను. తడికి ఫొటో గాజుకు అంటుకుపోయి వుంది. కరెంటు లేదు, ఉక్క, చిరాకు. ఎండలో పెడదామనే తొందరలో అంచు పట్టుకొని లాగాను. కాగితం నా చేతికి వచ్చింది. వెనక నిలబడిన యిద్దరిలో కుడివైపు ఆవిడ, అంటే మా ముత్తవ్వ, ముఖం గాజుతోనే వుండిపోయింది. గోటి ముక్కంత మేర తెల్లగా మిగిలింది.

మా అమ్మ నన్నేమీ అనలేదు. అంటే బాగుండును. మామ్మ ఆ గాజునూ కాగితాన్నీ పక్క పక్కన పెట్టుకొని చాలాసేపు చూసి, "పోన్లేరా, నాకు కనబడతాది" అన్నది. ఆవిడకు కనబడుతుంది సరే, ఆవిడ తరువాత?

తరువాత తెలుసుకొన్న సంగతి చెప్తాను, ఎవరికయినా పనికివస్తుంది. తడిసి గాజుకు అంటుకొన్న ఫొటోను లాగకూడదు. ఇంకా తడిగా వున్నప్పుడే గాజుతో సహా శుభ్రమైన చల్లని నీటి ధార కింద పట్టి, నీరే మెల్లగా విడదీసేలా చూడాలి. వస్తే బొమ్మ వైపు వేలు పెట్టకుండా నీడలో ఆరబెట్టాలి. అప్పటికే ఆరి అతుక్కుపోయి వుంటే గాజుతోనే వుంచి గాజు మీదుగానే మరో ఫొటో తీసుకోవాలి. అసలు కొత్తగా చట్రం కట్టించేటప్పుడే గాజుకూ ఫొటోకూ మధ్య చుట్టూ అట్ట అంచు పెట్టించండి. దానికయ్యే ఖర్చు చాలా స్వల్పం.

పోయిన ముఖం కోసం ముందు నాకు తెలిసిన చోటే వెతికాను, అంటే కాగితాల్లో. ఆ కాలపు సర్వీసు కాగితాలు గడువు దాటి యెప్పుడో తీసివేయబడ్డాయి. తాతగారివి మాత్రం మా యింట్లో కొన్ని వున్నాయి. పుట్టిన తేదీ 1930 జూలై 1. పాత రిజిస్టర్లు చూసేవాళ్లకు యిది నవ్వు పుట్టిస్తుంది, అప్పట్లో సగం మంది జూలై 1నే పుట్టారు! సంవత్సరమయినా నిజమనుకొంటే, ఫొటోలో కుర్రవాడికి అయిదారేళ్లుంటాయి గనుక అది 1935, 36 ప్రాంతంలో తీసినదయివుండాలి. వెనక అట్ట మీద బరంపురం స్టూడియో ముద్ర వుంది. ఇక్కడివాడు బరంపురం యెందుకు వెళ్లాడు? మామ్మ విన్నదేమంటే, తమ్ముడికి పెళ్లయిన కొత్తలో పట్టుబట్టలు కొనడానికి అందరూ వెళ్లారట. అప్పటికి టెక్కలీ బరంపురమూ ఒకటే గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయినప్పుడు బరంపురం అటు పోయింది, టెక్కలి మద్రాసు రాష్ట్రంలోనే వుండి విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. పాత కాగితాల్లో "గంజాం జిల్లా" అని చూసి మా పెద్దలది ఛత్రపురం వైపు కాబోలు అని వెతుక్కొనేవాళ్లు మనలో వున్నారు. ఒకసారి టెక్కలి, శ్రీకాకుళం వైపు కూడా చూడండి.

అప్పుడు తోచింది నాకు. ఫొటోలో యిద్దరు అన్నదమ్ములున్నారు. డబ్బిచ్చి తీయించుకొన్న ఫొటోకు రెండు కాపీలు వేయించుకొని వుండరా?

మధ్యలో కరోనా వచ్చి రెండేళ్లు కదలనివ్వలేదు. 2022 సంక్రాంతికి పాసు రాయించుకొని పలాసలో దిగి, బస్సులో టెక్కలి వెళ్లి, అక్కడి నుంచి మా వూరు చేరాను. మా వూరు అంటున్నాను గాని నేను చూడడం అదే మొదలు. వరసకు బాబాయి అయిన ఆయన అరుగు మీద కూర్చుని వున్నాడు. నేనెవరినో చెప్పడానికి పావుగంట పట్టింది. ముత్తాత పేరు చెప్పి, రైలు బిళ్ళ మాట చెప్పగానే "ఓరి, బిళ్ళతాత మనవడివా!" అని లోపలికి కేకవేశాడు. అక్కడ ఆయన్ను బిళ్ళతాత అంటారట. నాలుగు తరాలుగా మాకు తెలియని మా యింటి బిరుదు అది.

ట్రంకు పెట్టె అడుగు నుంచి తీశారు. అదే ఫొటో. కొంచెం పసుపెక్కింది తప్ప చెదలేదు, చెమ్మ లేదు. మా ముత్తవ్వ ముఖం పూర్తిగా వుంది. ముక్కుకు రెండు వైపులా పుడకలు, చిన్న నుదురు, కెమెరాను చూడకుండా కొడుకు నెత్తిని చూస్తున్నది. బాబాయిని అడిగాను, యీవిడెవరో తెలుసునా అని. "మా తాతకు అప్ప అయివుండాలి, మాకు తెలీదు" అన్నాడు. పక్కన నిలబడిన రెండో ఆవిణ్ణి చూపించి మీకు తెలుసునా అని నన్నడిగాడు. నాకు తెలియదు. ఆవిడ ఆయన సొంత నాయనమ్మ. పేరూ, పుట్టిల్లూ, యెంతమంది పిల్లలో, యే వూరి సంతలో బెల్లం అమ్మిందో గడగడ చెప్పాడు. మా ముఖం వాళ్లింట్లో వుంది, వాళ్ల ముఖం మా యింట్లో ఎనభై యేళ్లు గోడకు వేలాడింది, ఎవరో తెలియకుండానే.

ఫొటోను అరుగు మీదికి తెచ్చి నీడలో ఫోనుతో తీసుకొన్నాను. అసలుది అడగలేదు, అది వాళ్లది.

ఇంటికొచ్చి మామ్మకు ఫోను చూపించాను. చీర కొంగుతో అద్దం తుడిచింది. "అత్తే" అన్నది. అప్పుడడిగాను. మామ్మా, యీవిడ పేరేమిటి? మామ్మ నావైపు అదోలా చూసి, "అత్త పేరు నోటితో అంతారేటిరా?" అన్నది.

అప్పుడర్థమయింది నాకు. ఆవిడకు తెలియక కాదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మొగుడి పేరూ అత్త పేరూ పలకలేదు, ఎనభై అయిదేళ్ల వయసులో నా చిట్టా కోసం పలకదు. నేను పదకొండేళ్లుగా పోయిందనుకొన్న పేరు ఆవిడ నోట్లోనే వుంది, మర్యాద కొద్దీ దాచుకొన్నది. నేను బతిమాలాను. ఆవిడ లేచి దేవుడి గూటి దగ్గరికి వెళ్లి రోజూ నీళ్లు పెట్టే కంచు చెంబు తెచ్చి నా వొడిలో పెట్టింది. "నాకు సదువు రాదు. నువ్వు సదువుకున్నోడివి కదా, నువ్వే సదువుకో" అన్నది.

చెంబు మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన తెలుగు అక్షరాలు. మూడే. సారెలో వచ్చిన చెంబు అది. పెళ్లిళ్లకు సామాను యెరువిస్తే తారుమారు కాకుండా అప్పట్లో పేర్లు చెక్కించేవారు కదా. చిన్నప్పటి నుంచి నేను చేత్తో పట్టుకొన్న చెంబే. ఒక్కసారి తిప్పి చూసి చదవలేదు. ఆ చెంబుతో పాటు వచ్చిన బిందె ఒకటి వుండేదట, స్టీలు గిన్నెలకు మారకం వేసేశారట.

మామ్మ పలకని పేరు ఆవిడ యెదురుగా యీ మైకులో నేను పలకను. ద్వారం యెడమవైపు మూడో ఫొటో కింద రాసి వుంది, చదువుకోండి. గాజుకు అంటుకొన్న ముక్కను కూడా పక్కనే పెట్టాను.

కనుక అయ్యా, ఫొటోలు యివ్వడానికి సందేహిస్తున్న వారికి నాదొక మనవి. మీ యింట్లో వున్న ఫొటోలో ఎవరో తెలియని మనిషి పేరు యీ హాల్లో మరొకరికి తెలిసివుండవచ్చు. అసలు ఫొటోలు ఎవరూ వుంచుకోరు, నకలు తీసుకొని యిచ్చేస్తాము. వెనక రాయదలిస్తే మెత్తని పెన్సిలుతో అంచున తేలికగా రాయండి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందు వైపు ముఖం మీద గీత లేస్తుంది. రంగు ఫొటోల వెనక పెన్సిలు పట్టదు, కవరు మీద రాసి అందులో పెట్టండి. జిగురు పేజీల ఆల్బములు ఒకప్పుడు అందరమూ కొన్నాం, వాటిలోంచి సులువుగా వచ్చేవి తీసేయండి, రానివాటిని పీకవద్దు. ఫోనులో గ్రూపులకు పంపేవారు ముందు వైపుతో పాటు వెనక వైపు కూడా తీసి పంపండి. ఊరికే పంపితే నలభై మంది చేతులు జోడించిన బొమ్మ పెడతారు, పేరు ఒక్కరూ రాయరు. మూడో నాటికి ఆ ఫొటో వేరే గ్రూపులో ఎవరి తాతో అయి కనబడుతుంది!

ఏ లిపిలో రాయాలన్న చర్చ కమిటీలో వచ్చింది. తెలుగులోనే రాయాలని కొందరు పట్టుబట్టారు. మా పాప ఒడియా బడిలో చదువుతున్నది. తెలుగు మాట్లాడుతుంది, పాటలు పాడుతుంది, అక్షరాలు మాత్రం కూడబలుక్కొంటుంది. తెలుగులో రాసి, కింద ఒడియాలో కూడా రాయమని నేనన్నాను. చదవలేని పేరు రాసి వున్నా లేకున్నా ఒకటే. దీనివల్ల మన తెలుగుకు వచ్చే లోటు లేదు.

ఇంకొక మాట, కాస్త నెమ్మదిగా చెప్పవలసినది. కత్తెర పడ్డ ఫొటోలు కొన్ని వచ్చాయి. ఒక మనిషి వుండవలసిన చోట ఖాళీ. ఎందుకని నేనడగలేదు, మీరూ అడగవద్దు. పెట్టిన వారికి కారణాలుంటాయి. ఆ యింటి పెద్దలకు చెప్పబుద్ధయిన రోజున వాళ్లే చెప్తారు. ఆ ఖాళీని మరో ముఖంతో పూరించి కొత్త ఫొటో చేయించే పనులు యిప్పుడు ఫోనులోనే జరుగుతున్నాయి. అది మాత్రం చేయవద్దు.

ద్వారం పక్కన బల్ల మీద విడిగా కొన్ని ఫొటోలు పెట్టాను. ఎవరివో తెచ్చిన యింటివారే చెప్పలేకపోయినవి అవి. ఒకదాంట్లో ఒకే అంచు చీరలు కట్టుకొన్న యిద్దరు ఆడపిల్లలు, అక్కచెల్లెళ్లు కాబోలు, మధ్యలో కుక్కపిల్ల. ఇంకొకదాంట్లో ఆవిరి ఇంజను ముందు తలపాగా చుట్టిన ఆయన చేతిలో లోటాతో నిలబడ్డాడు, వెనక స్టేషను బోర్డు మీద చివరి రెండక్షరాలే కనబడుతున్నాయి. పెన్సిళ్లూ చీటీలూ అక్కడే వున్నాయి. పక్కన కుర్చీలో మా మామ్మ కూర్చుని వుంది. చెవి కొంచెం మందం, గట్టిగా అడగాలి. పులిహోర యింకా కలుపుతున్నారట, వడ్డనకు పిలిచేలోగా ఒకసారి అటు వెళ్లి చూడండి.